ఆమోదిత నాదం

ప్రభుత్వ సంగీత కళాశాలకు సింథసైజర్ వచ్చిన నాడు మొట్టమొదట తలెత్తిన ప్రశ్న, దాన్ని ఎలా వాయిస్తారన్నది కాదు, దాన్ని ఏ పేజీలో రాయాలన్నది.

సంస్కృతి శాఖవారికి ఆ ఏడాది హఠాత్తుగా ఎలక్ట్రానిక్ సంగీతం మీద ప్రేమ పుట్టింది. 'ఆధునిక ధ్వని విద్యా వికాస పథకం' అని దానికి నామకరణం చేసి, ప్రతి సంగీత కళాశాలకూ ఒక యంత్రాన్ని పంపించారు. దాన్ని వాయించేవారిని కూడా పంపించాలన్న ఆలోచన ఆ ప్రేమావేశంలో ఎవరికీ తోచలేదు. వచ్చిన యంత్రం బట్టల బీరువా అంత ఉంది. ముందువైపు లెక్కలేనన్ని నాబ్‌లు, చిన్న చిన్న కన్నాలు, ఒక కన్నాన్ని మరొక కన్నంతో కలపడానికి రంగురంగుల తీగలు, అడుగున హార్మోనియంకు ఉన్నట్లు మెట్లు.

శాస్త్రం ప్రకారం వాద్యాలు నాలుగు జాతులు: తంతి మీద పలికేవి, గాలితో పలికేవి, చర్మం మీద మోగేవి, లోహంతో మోగేవి. కళాశాల స్టోర్సు రిజిస్టరులో ఉన్నవీ ఆ నాలుగు విభాగాలే. అయిదవ విభాగం తెరిచే అధికారం ప్రిన్సిపాల్ డాక్టర్ ఓగిరాల నరహరిరావు గారికి లేదు. ఉన్నా తెరిచేవారు కారు. అందుచేత ఆయన అధ్యాపకులందరినీ యంత్రం చుట్టూ నిలబెట్టి జాతి నిర్ణయానికి పూనుకున్నారు.

"తీగలున్నాయి కదండీ, తంతి వాద్యమే," అన్నారు వయొలిన్ అధ్యాపకులు, అది తమకు రాకుండా ముందుగానే వీణ వారి వైపు చూపిస్తూ.

"మీటి చూడండి," అన్నారు ప్రిన్సిపాల్. మీటారు. పలకలేదు. తంతి వాద్యం కాదని తేలింది. చర్మం ఎక్కడా లేదు గనుక మృదంగం వారు నిట్టూర్చి బయటపడ్డారు. ప్రిన్సిపాల్ గారు యంత్రానికి ప్రదక్షిణం చేస్తూ వెనకవైపు ఆగిపోయారు.

"ఇక్కడ తిరుగుతున్నదేమిటి?"

వేణువు అధ్యాపకురాలు అద్దేపల్లి హైమావతి గారు వంగి చూశారు. "చిన్న ఫ్యానండి. లోపల వేడెక్కకుండా."

"అంటే లోపలికి గాలి పోతోందన్నమాట."

"పోతోంది కాని, శబ్దానికీ ఆ గాలికీ సంబంధం లేదండి."

"సంబంధం సంగతి అలా ఉంచండి. ఆ గాలి ఆగిపోతే ఏమవుతుంది?"

"కొంతసేపటికి కాలిపోతుంది."

నరహరిరావు గారి ముఖం వికసించింది. "గాలి లేనిదే బతకలేని వాద్యం సుషిర వాద్యం కాక మరేమవుతుందమ్మా? మీ విభాగంలో చేర్చుకోండి."

ఆ విధంగా సింథసైజర్ పిల్లనగ్రోవికి చెల్లెలైంది.

హైమావతి గారు ఊరుకునే మనిషి కాదు. ఆవిడ నోటికి భయపడి ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో అడుగుపెట్టడం మానేసి చాలా కాలమైంది. అటువంటి ఆవిడ ఈ అవివేకాన్ని మారు మాట లేకుండా ఒప్పుకోవడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. కారణం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు ఆవిడ మంద్ర షడ్జం పట్టి నిలబెడితే సభలో విసనకర్రలు ఆగిపోయేవి. ఉబ్బసం వచ్చిన తరువాత ఆ స్వరం సగంలో తెగిపోవడం మొదలుపెట్టింది. తెగిన చోట ఒక గమకం వేసి, అది తన కల్పన అన్నట్లు నటిస్తూ వచ్చారు. రసికులు భేష్ అన్నారు. భేష్ అన్న ప్రతిసారీ ఆవిడకు చెంపదెబ్బ తిన్నట్లుండేది.

వేసవి సెలవులన్నీ ఆవిడ ఆ యంత్రం గదిలోనే గడిపారు. లావుపాటి ఇంగ్లీషు మాన్యువల్‌ను ఒళ్లో పెట్టుకుని, మొదటి పుట నుంచి చదివారు. ఒక నాబ్ తిప్పితే పిచ్చుక పలికింది, మరి కాస్త తిప్పితే ఉరిమింది. ఫిల్టర్ అన్న నాబ్ అచ్చంగా కాఫీ ఫిల్టర్ చేసే పనే చేస్తుందని, శబ్దంలోని పిప్పిని ఆపి సారాన్ని వదులుతుందని కనుక్కున్న రోజున ఆవిడ పసిపిల్లలా చప్పట్లు కొట్టుకున్నారు. ఒక తీగను పొరపాటున వేరే కన్నంలో గుచ్చితే ఆ పొరపాటు నుంచి ఇంకొక లోకం తెరుచుకునేది. సంగీతంలో తనకు తెలియనిది ఇంత మిగిలి ఉందని యాభై దాటాక తెలియడం ఆవిడకు అవమానంగా తోచలేదు, పండగగా తోచింది.

సెలవుల చివరలో ఆ స్వరం దొరికింది. అది వేణువు కాదు; వేణువు కాదనడానికీ వీల్లేదు. మొదట్లో పెదవి మీద ఊపిరి తాకినట్లు సన్నని గరగర, ఆ తరువాత చీకటిగా, నిండుగా మంద్ర షడ్జం. మెట్టు మీద వేలున్నంతసేపూ అది ఆగదు. ఆవిడ వేలు తీయలేదు. అటెండర్ సింహాచలం వచ్చి, "అమ్మగారూ, టీ సల్లారిపోనాది," అని చెప్పేదాకా తీయలేదు. ఏ నాబ్ ఎక్కడుండాలో, ఏ తీగ ఏ కన్నంలో ఉండాలో ఆవిడకు కంఠతా వచ్చేసింది. వార్షికోత్సవంలో ఆ స్వరంతో శహన రాగం ఆలపించాలని, ఎక్కడా తెగకుండా ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన మనసులో ఉన్నట్లు పలికించాలని నిశ్చయించుకున్నారు.

ఈలోగా ప్రారంభోత్సవానికి మంత్రి గారు వచ్చారు.

"కొత్త వస్తువును పసుపూ కుంకుమా లేకుండా మంత్రి గారి చేత ఎలా తాకిస్తాం?" అని ప్రిన్సిపాల్ గారు సింహాచలానికి కుంకుమ భరిణె ఇచ్చారు. సింహాచలం భక్తిపరుడు. ఒక్క నాబ్‌కు బొట్టు పెట్టి మరొకదాన్ని ముండగా వదిలేయడం అతని మనస్సాక్షి ఒప్పుకోలేదు. బొట్టు గుండ్రంగా రావాలని వేలితోపాటు నాబ్‌ను కూడా తిప్పుతూ, అన్నిటికీ పెట్టాడు. బంతిపూల దండ వేయడానికి అడ్డం వస్తున్న తీగలను ఊడబీకి, దండ వేసి, ఖాళీగా కనబడిన కన్నాల్లో మళ్లీ గుచ్చాడు. వేదిక కింద నిలబడి ఇదంతా చూస్తున్న హైమావతి గారిని ప్రోటోకాల్ వారు పైకి ఎక్కనివ్వలేదు.

మంత్రి గారు మెట్టు నొక్కారు.

దాహంతో ఉన్న దున్నపోతు రేకుల షెడ్డులో ఇరుక్కుని అరుస్తూండగా, బయట లారీవాడు ఓపిక నశించి హారన్ మోగిస్తే ఎలా ఉంటుందో అలాంటి శబ్దం సభాభవనాన్ని నింపింది. ముందు వరుసలో ఒక చంటిబిడ్డ గుక్కపట్టింది. మంత్రి గారు ముప్ఫై ఏళ్ల ప్రజాజీవితంలో ఇంతకంటే ఘోరమైనవి విని చిరునవ్వు చెదరనివ్వని మనిషి.

"అద్భుతం!" అన్నారు. "మన జాతి ఆత్మ ఇందులో పలికింది!"

చప్పట్లు మారుమోగాయి.

మరునాడు హైమావతి గారు నాబ్‌లను సరిచేయడానికి యంత్రం గదికి వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గారు ద్వారం దగ్గర చేతులు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాకకండి!"

"అదేమిటండీ, నా విభాగం వాద్యం నేను తాకకూడదా?"

"వాద్యం మీదే. నాదం మంత్రి గారిది. నిన్న అద్భుతమన్న నాదాన్ని ఇవాళ మీరు మార్చేస్తే దాని అర్థమేమిటి? నిన్నటిది అద్భుతం కాదనా? మంత్రి గారికి సంగీతం తెలియదనా?"

"తెలుసని ఆయన కూడా అనుకోవడం లేదు."

"అమ్మా హైమావతి గారూ!" నరహరిరావు గారు గొంతు తగ్గించారు. "గోడలకు చెవులుంటాయి."

"ఉంటే నిన్ననే చెవుడు వచ్చి ఉంటుందండి."

సాయంత్రానికి మెమో వచ్చింది: 'గౌరవనీయ మంత్రివర్యుల అమృత హస్తములతో ఆవిష్కృతమైన నాద స్వరూపమునకు ఎట్టి భంగమును వాటిల్లకుండునట్లు సదరు పరికరమును యథాతథ స్థితియందు పరిరక్షింపవలయును.' ఏ నాబ్ మీద బొట్టు ఏ దిక్కుకు చూస్తోందో ఫోటోలు తీయించి, నాబ్‌లన్నిటికీ లక్క సీళ్లు వేయించారు. కోటానుకోట్ల శబ్దాలు పలకడానికి పుట్టిన యంత్రానికి ఒకే ఒక శబ్దం మిగిలింది. దానికి 'ఆమోదిత నాదం' అని పేరు పెట్టారు.

ఆమోదించిన తరువాత ఊరికే ఉంచకూడదు గదా. కళాశాలలోని వాద్యాలన్నీ ఇకమీదట ఆమోదిత నాదానికే శ్రుతి చేయాలన్నారు. ఆ నాదం ఏ శ్రుతికీ చెందదు; రెండు శ్రుతుల నడుమ, ఇంటికీ వీధికీ కాకుండా గడప మీద కూర్చున్నట్లు ఉంటుంది. వీణల తంతులు తెగాయి. మృదంగాల మూతలు చిరిగాయి. మధ్యాహ్నం ఎండకు యంత్రం శ్రుతి మెల్లగా పైకి పాకేది. గాత్ర విద్యార్థులు దానితోపాటు పాకి, సాయంత్రానికి గొంతులు పట్టుకుని ఇళ్లకు పోయేవారు.

"వేణువులు ఇంకా శ్రుతి కాలేదేమిటి?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"వెదురుకు రంధ్రాలు ఒకసారే వేస్తారండి. బిగించడానికి అది తంబుర కాదు."

"అయితే అవి ప్రభుత్వ నాదానికి అననుకూలమన్నమాట." వేణువులన్నిటినీ ఒక గోనె సంచిలో వేసి స్టోర్సుకు పంపించారు. హైమావతి గారికి ఇప్పుడు తెగే స్వరమూ లేదు, తెగని స్వరమూ లేదు.

సంస్కృతి శాఖ సంయుక్త సంచాలకులు తలశిల వీరభద్రం గారు ఈ ప్రగతికి ముగ్ధులై, 'ఆమోదిత నాద సాధన' అనే రెండేళ్ల డిప్లొమా ప్రారంభించడానికి స్వయంగా వచ్చారు. మొదటి సంవత్సరం మెట్టు నొక్కడం. రెండవ సంవత్సరం వదలడం. వదలడం అనే అంశం మరీ లోతైనదనీ, దానికి మూడవ సంవత్సరం కూడా అవసరమనీ ఒక ఉపసంఘం అభిప్రాయపడింది. సభానంతరం ఆయన జీడిపప్పు తింటూండగా హైమావతి గారు దగ్గరికి వెళ్లారు.

"సార్, ఒక్క నాబ్ తిప్పడానికి అనుమతి కావాలి. ఫిల్టర్."

ఒక్కటి తిప్పితే చాలదని ఆవిడకు తెలుసు. ఒకటి తిప్పనిస్తే రెండవది అడగవచ్చునని ఆశ.

"విషయాన్ని సానుభూతితో పరిశీలించవచ్చు," అన్నారు వీరభద్రం గారు. "అయితే తిప్పిన మీదట ఉత్పన్నం కాబోయే నాదం ఎట్టిదో ప్రభుత్వానికి ముందుగా తెలియపరచాలి."

"ఎలా తెలుస్తుందండీ, తిప్పకుండా?"

"నమూనా సమర్పించండి."

"నమూనా రావాలంటే తిప్పాలి."

"తిప్పాలంటే అనుమతి కావాలి."

"అనుమతి కావాలంటే?"

"నమూనా కావాలి. ఇందులో మీకు క్లిష్టంగా తోస్తున్నదేమిటో నాకు బోధపడడం లేదు."

"గుండ్రంగా ఉందండి," అన్నారు హైమావతి గారు. "సింహాచలం పెట్టిన బొట్టు కంటే గుండ్రంగా ఉంది."

వీరభద్రం గారు దాన్ని ప్రశంసగా స్వీకరించి జీడిపప్పు పళ్లెం ఆవిడ వైపు జరిపారు.

అటు తరువాత ఆవిడ ప్రతి సోమవారమూ ప్రిన్సిపాల్ గది ముందు నిలబడేవారు. నరహరిరావు గారు వెనక గుమ్మం గుండా ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నారు. ఆ పోరాటంలో ఆవిడ ఆయాసం మరికొంత పెరిగింది తప్ప నాబ్ వెంట్రుకవాసి కదలలేదు.

కదిలింది మంత్రివర్గం. పాత మంత్రి గారికి పదవి పోయింది. ఆయన నాదం మాత్రం పోలేదు. కొత్త మంత్రి గారి హయాంలో పాత మంత్రి గారి కేక రోజూ మోగుతూండడం రాజకీయంగా ఎంతవరకు క్షేమమన్న సందేహం వీరభద్రం గారికి నిద్ర లేకుండా చేసింది. ఆయన ప్రిన్సిపాల్ గారికి ఫోనులో సెలవిచ్చిన సిద్ధాంతం ఇది: "ఒక మంత్రివర్యులు స్థిరపరచిన దానిని మార్చుటకు తత్సమాన హోదా గల మరొక మంత్రివర్యులే అర్హులు. వారే స్వహస్తంతో నాబ్ తిప్పుతారు. ఏ నాబ్ అన్నది మీ హైమావతి పక్కనుండి చూపించవచ్చు."

ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. ఫిల్టర్ ఒక్కటి తిరిగితే కేకలోని పిప్పి పోతుంది. మంత్రి గారు ఉత్సాహపడితే రెండవది చూపించవచ్చు, ఆ తరువాత మూడవది. శహన దగ్గరపడింది.

వార్షికోత్సవం నాడు కొత్త మంత్రి గారు ఆలస్యంగా వచ్చారు. ఉదయం నుంచి ఊరేగింపులలో, శంకుస్థాపనలలో, మైకుల మధ్య తిరిగి తిరిగి ఆయన కణతలు నొక్కుకుంటూ ఉన్నారు. పళ్లెంలో పట్టుగుడ్డ మీద చిన్న సుత్తి అందించారు. ఆయన లక్క సీళ్లన్నీ ఒక్కొక్కటే పగలగొట్టారు. ప్రతి దెబ్బకూ ఒకసారి కళ్లు మూసుకున్నారు. మార్పు స్పష్టంగా తెలియాలన్న సదుద్దేశంతో ప్రిన్సిపాల్ గారు పాత నాదాన్ని ముందుగా మోగించి, మెట్టు మీద వేలుంచి నిలబడ్డారు.

మంత్రి గారు రెండు చెవులూ మూసుకున్నారు. "బాబోయ్! ఏంటయ్యా ఇది?"

"ఆమోదిత నాదం సార్."

"ఎవడయ్యా ఆమోదించింది?"

హైమావతి గారు ముందుకు వచ్చి ఫిల్టర్ చూపించారు. "ఇది తిప్పండి సార్. ఎడమవైపు, మెల్లగా."

"అది తిప్పితే ఆగుద్దా?"

"ఆగదండీ. బాగుపడుతుంది."

"నాకు బాగుపడక్కర్లేదమ్మా, ఆగాలి. ఆపే బుడిపె ఏది? నీకు పుణ్యముంటుంది."

ఆవిడ చెప్పలేదు. వేలు ఫిల్టర్ మీదనే ఉంచి నిలబడ్డారు. కాని ఆ దురదృష్టపు యంత్రంలో అన్నిటికంటే పెద్ద నాబ్ శబ్దాన్ని హెచ్చించే తగ్గించే నాబే. మంత్రి గారు దాన్ని తామే కనుగొని, పూర్తిగా ఎడమవైపుకు తిప్పేశారు.

నిశ్శబ్దం.

ప్రిన్సిపాల్ గారి వేలు మెట్టు మీదనే ఉంది. ఏమీ వినిపించలేదు. మంత్రి గారు సుదీర్ఘంగా ఊపిరి విడిచి, "అమ్మయ్య! ఎంత హాయిగా ఉంది!" అన్నారు.

వీరభద్రం గారు ఒక్క క్షణం మాత్రమే తడబడ్డారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఆయనను ఆదుకుంది. చేతులు జోడించి మైకు ముందుకు వచ్చారు.

"సభాసదులారా! మీటగా, ఊదగా, కొట్టగా పుట్టేది ఆహత నాదం. ఏదీ తాకకుండా తనంత తానుగా ఉండేది అనాహత నాదం. యోగులు తపస్సు చేసి వినే ఆ నాదాన్ని గౌరవ మంత్రివర్యులు ఒక్క నాబ్ తిప్పి మనందరికీ వినిపించారు!"

"నేను ఆపానయ్యా, అంతే," అన్నారు మంత్రి గారు.

"ఆపారు సార్! ఆహతాన్ని ఆపారు. ఇక మిగిలింది అనాహతమే గదా!"

మంత్రి గారు ఆలోచించారు. పాతవాడు కేక పెట్టించాడు, తాను యోగుల నాదం వినిపించాడు. ఆ పోలిక ఆయనకు నచ్చింది. "అద్భుతం!" అన్నారు. చప్పట్లు మారుమోగబోయి, నాదానికి అంతరాయమని ప్రిన్సిపాల్ గారు సైగ చేయడంతో ఆగిపోయాయి. కార్యక్రమంలో ఉన్న శహన రాగాలాపన రద్దయింది. దాని బదులు అందరూ లేచి నిలబడి కొత్త ఆమోదిత నాదాన్ని ఆలకించారు.

ఆ రాత్రి హైమావతి గారు అన్నం ముట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం ఆవిడ బుర్రలో ఒక న్యాయశాస్త్రం ఉదయించింది. స్నానం కూడా చేయకుండా కళాశాలకు వచ్చారు. పెద్ద నాబ్ మీద కొత్త లక్క సీలు మెరుస్తోంది. మిగిలిన నాబ్‌లకు ఇంకా వేయలేదు. ప్రిన్సిపాల్ గారు వెనక గుమ్మం చేరేలోపల ఆవిడ అక్కడ కూడా ఉన్నారు.

"ఒక్క సందేహమండి. తక్కిన నాబ్‌లు తిప్పితే ఆమోదిత నాదంలో మార్పు వస్తుందా?"

"ఎలా వస్తుందమ్మా, అసలు నాదమే లేనప్పుడు..."

"లేదంటున్నారా? మంత్రి గారు వినిపించిన అనాహతం లేదంటున్నారా?"

నరహరిరావు గారు అటూ ఇటూ చూశారు. "లేదనలేదు. ఉంది. పరిపూర్ణంగా ఉంది. ఏ నాబ్ తిప్పినా దానికి మార్పు రాదు."

"అయితే మార్పు రానిదానికి అనుమతి అక్కర్లేదు గదా?"

చాలాసేపు ఆయన ఇందులో తప్పెక్కడుందో వెతికారు. తమ నిబంధనలలో తప్పు వెతకడం అలవాటు లేక దొరకలేదు. "అక్కర్లేదు," అని ఒప్పుకున్నారు.

యంత్రం ముందుభాగంలో హెడ్‌ఫోన్లు గుచ్చే కన్నం ఒకటుంది. దానికి విడిగా మరొక నాబ్ ఉంది. మంత్రి గారు దానివైపు చూడలేదు గనుక దానికి ఏ హోదా లేదు. హైమావతి గారు బజారులో హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చారు.

ఉగాది సందర్భంగా అనాహత నాద మహాసభ జరిగింది. శాఖాధికారులు, విద్వాంసులు, విమర్శకులు ఊరూరి నుంచి వచ్చి హాలు నిండా కూర్చున్నారు. హైమావతి గారి చెవుల మీది వస్తువు ఏకాగ్రత కోసమని ప్రిన్సిపాల్ గారు సభకు పరిచయం చేశారు. ఆవిడ యంత్రం ముందు కూర్చుని, నాబ్‌లూ తీగలూ సరిచేసుకుని, మెట్టు మీద వేలుంచి కళ్లు మూసుకున్నారు. వెనుక ఉన్న పెద్ద స్పీకర్లు ఏమీ పలకలేదు. సభ తన్మయమైంది. తలలు ఊగాయి. వీరభద్రం గారు తొడ మీద ఆది తాళం వేశారు. డిప్లొమా విద్యార్థులు పరీక్షకు పనికివస్తుందని శ్రద్ధగా విన్నారు.

ముందు వరుసలో కూర్చున్న పేరుమోసిన విమర్శకులొకరు కొంతసేపటికి నొసలు చిట్లించి, ప్రిన్సిపాల్ గారి వైపు వంగారు.

"అంతా బాగుంది కాని, ఇప్పుడు ఆ మంద్రంలో శ్రుతి కాస్త తగ్గినట్లు లేదూ?"

నరహరిరావు గారు ముఖం ముడుచుకుని విన్నారు. "తగ్గిందండి," అన్నారు విచారంగా. "సంజాయిషీ అడుగుతాను." లేచి వేదిక ఎక్కి, "అమ్మా హైమావతి గారూ!" అని పిలిచారు. మళ్లీ పిలిచారు.

ఆవిడకు వినిపించలేదు. మెట్టు మీది వేలు కదలలేదు. షడ్జం ఇంకా సాగుతూనే ఉంది.